సమస్య: "ఆగినట్టి వాడె యగ్రగామి"

నిర్వాహకుడు (తిరుపతి): లీలామహల్ సర్కిల్ దగ్గర సిగ్నల్ పడినప్పుడు తట్టిన పాదం. ఫార్ములా వన్ డ్రైవర్ జీవితంలోంచే పూరించాలి. అలిపిరి మెట్లు, క్యూలైన్లు వద్దు, అవి అందరికీ తడతాయి.

పలమనేరు:
కాలి కమిలి లేచి కారెక్కి నడిపిన
లౌడ ఫూజి వాన లక్ష్యపెట్టి
బతికి మరుసటేడు పట్టము గెలిచెను
ఆగినట్టి వాడె యగ్రగామి

1976 ఆగస్టు 1న జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ రేసులో మంటల్లో కాలిన నికీ లౌడా ఆరు వారాలకే ఇటలీలోని మోంజాలో నాలుగో స్థానంలో వచ్చాడు. ఆ సీజన్ చివరి రేసు జపాన్‌లోని ఫూజిలో. కుండపోత వాన, రెండు ల్యాపులకే కారు ఆపేశాడు. ప్రపంచ టైటిల్ ఒక్క పాయింటు తేడాతో ప్రత్యర్థి జేమ్స్ హంట్‌కి పోయింది. 1977లో మళ్ళీ లౌడాదే.

చంద్రగిరి: అక్కా, "లక్ష్యపెట్టి" దగ్గర ఆగిపోయాను. యతి కుదిరింది, పద్యానికి ప్రాణమూ అక్కడే ఉంది. వానను లెక్కచేయకపోవడమే మగతనం అనుకునే రోజుల్లో లెక్కచేసి దిగిపోవడానికి ఎంత ధైర్యం కావాలి!

పుత్తూరు: బాగుందమ్మా. కానీ పట్టం కడతారు, పొందుతారు. "గెలిచెను" పేపరు భాష. "పట్టము నొందెను" అంటే సరిపోయేది.

పీలేరు:
పిట్టులోన నిలువ పదునాల్గు కారులు
నాల్గవదిగ తనది నడుపుకొనుచు
కార్తికేయనపుడు గమ్యము చేరెను
ఆగినట్టి వాడె యగ్రగామి?

2005, ఇండియానాపోలిస్. పద్నాలుగు కార్లు పిట్‌లోకి, అంటే ట్రాక్ పక్కన కార్లు ఆపే చోటికి, వెళ్ళిపోతే మిగిలిన ఆరు కార్లలో మన నారాయణ్ కార్తికేయన్ నాలుగోవాడు.

పుత్తూరు: పి–ప యతి ఎట్లా చెల్లుతుంది నాయనా? హల్లు కలిసింది, అచ్చు కలవలేదు. పైగా ప్రశ్నార్థకం పెట్టి సమస్యను దాటేయడం నీకు అలవాటు. ఉగాదికి రాసిన తోతాపురి మామిడి పద్యంలోనూ ఇదే ఎత్తు.

పీలేరు: "పాడు టైర్ల వలన పదునాల్గు నిలువగా". ఇప్పుడు చూడండి అయ్యవారూ. ప్రశ్న మాత్రం తీయను. తోతాపురి పద్యాన్ని ఆరోజు మెచ్చుకున్నది మీరే.

పలమనేరు: కొత్త పాదం చాలా బాగుంది తమ్ముడూ, కారణం కూడా పద్యంలోకి వచ్చింది. కానీ మిషెలిన్ టైర్లు పదమూడో మలుపును తట్టుకోవనే కదా ఆ పద్నాలుగు మందీ ఆగింది? లౌడా చేసిందీ అదే. ప్రశ్నార్థకం తీసేయ్, వాళ్ళకూ న్యాయం జరుగుతుంది.

చంద్రగిరి: తీయొద్దన్నా. కార్తికేయన్ భారత్ నుంచి ఫార్ములా వన్‌కి వెళ్ళిన మొదటివాడు. కెరీర్ మొత్తంలో వచ్చిన 5 పాయింట్లూ ఆ ఒక్క రేసువే. ఆగకుండా నడిపినవాడి పక్షాన ఒక్క పద్యమైనా ఉండాలి.

పుత్తూరు: తోతాపురి పద్యంలో నేను మెచ్చుకున్నది మూడో పాదం దాకానే.