అక్వేరియం మొక్కలకు తోట ఎరువు వాడవచ్చా? 19:19:19 మంచిదా, 13:0:45 మంచిదా?

గాజుతొట్టి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా ఇంట్లో మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగుంపావు ఎత్తు ఉన్న అక్వేరియం ఉంది. అందులో గప్పీలు, నియాన్ టెట్రాలు, కొన్ని చెర్రీ రొయ్యలు ఉన్నాయి. మొక్కలలో వాలిస్‌నేరియా, అమెజాన్ స్వోర్డ్, జావా ఫెర్న్, కొద్దిగా రొటాలా పెంచుతున్నాను. కొంతకాలంగా రొటాలా కొత్త ఆకులు పాలిపోయి ఈనెలు మాత్రమే ఆకుపచ్చగా కనిపిస్తున్నాయి. జావా ఫెర్న్ ముదురు ఆకులకేమో సూదితో పొడిచినట్టు చిన్న చిన్న రంధ్రాలు పడుతున్నాయి.

అక్వేరియం దుకాణంలో ద్రవరూప ఎరువు సీసా అడిగితే, అది నెల రోజులకు కూడా సరిపోదని, ధర మాత్రం బాగా ఎక్కువని తేలింది. మా మేడ మీది కుండీలకు వాడే 19:19:19 పొడి (నత్రజని, భాస్వరం, పొటాష్ ఈ వరుసలో 19 శాతం చొప్పున ఉన్నది) ఇంట్లోనే ఉంది, అది నీటిలో పూర్తిగా కరిగిపోతుంది కూడా. దానినే చిటికెడు అక్వేరియంలో కలపవచ్చా? కైకలూరు దగ్గర చేపల చెరువులున్న మా బాబాయి, "మేము యూరియా, సూపర్ ఫాస్ఫేట్, పేడ వేసే చేపలు పెంచుతున్నాం, నీ చిన్న తొట్టికి ఏమవుతుంది" అంటున్నారు. మాది బోరు నీరు, పీహెచ్ 8 దగ్గర ఉంటుంది. అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరు.

ఈనెలపచ్చ

గాజుతొట్టి గారూ, ఎరువు చవకదా ఖరీదైనదా అన్నది ఇక్కడ అసలు విషయం కాదు. పొట్లం వెనుక నత్రజని ఏ రూపంలో ఉందని రాశారో చూడాలి. నత్రజని నైట్రేట్ రూపంలో ఉంటే మొక్క తీసుకుంటుంది, చేపకు మామూలు మోతాదులో ఇబ్బంది ఉండదు. అమోనియా రూపంలో గానీ, నీటిలో కరిగి నెమ్మదిగా అమోనియాగా మారే యూరియా రూపంలో గానీ ఉంటే ఆ ఎరువు అక్వేరియానికి పనికిరాదు.

మీ దగ్గరున్న 19:19:19లో మొత్తం 19 శాతం నత్రజని ఉన్నా, అందులో నైట్రేట్ భాగం చాలా తక్కువ. సాధారణంగా సగానికి పైగా యూరియాయే, మిగిలిన దానిలో అమోనియా కూడా ఉంటుంది. వంద లీటర్ల నీటిలో ఒక్క గ్రాము వేస్తే లీటరుకు 1.9 మిల్లీగ్రాముల నత్రజని చేరుతుంది. అందులో ఎక్కువ భాగం చేపలకు హాని చేసే రూపంలోనే ఉంటుంది, లేదా కొద్ది రోజుల్లో ఆ రూపానికి చేరుతుంది. మీ నీటి పీహెచ్ 8 కావడం దీనికి తోడైంది. 28 డిగ్రీల వద్ద పీహెచ్ 7 ఉన్న నీటిలో మొత్తం అమోనియాలో విష రూపం ఒక శాతం లోపే ఉంటుంది; పీహెచ్ 8కి చేరేసరికి అది 6, 7 శాతం అవుతుంది. అంటే అదే చిటికెడు మీ తొట్టిలో దాదాపు పదింతల ప్రమాదం. పైగా ఆ ఒక్క గ్రాముతోనే లీటరుకు సుమారు 2.5 మిల్లీగ్రాముల ఫాస్ఫేట్ కూడా కలుస్తుంది. నత్రజనితో సమానంగా భాస్వరం ఇవ్వవలసిన అవసరం నీటి మొక్కలకు లేదు.

కాబట్టి 19:19:19 కుండీలకే ఉంచండి. ఎరువుల దుకాణంలో 13:0:45 అని అడగండి. అది పొటాషియం నైట్రేట్, మన పెద్దవారు సురేకారం అనేదే. అందులోని నత్రజని అంతా నైట్రేట్ రూపంలోనే ఉంటుంది, పైగా పొటాషియం కూడా వస్తుంది. డ్రిప్‌లో వాడే నీటిలో కరిగే రకం కిలో పొట్లాలలో దొరుకుతుంది. మీ తొట్టికి ఆ కిలో ఏళ్ల తరబడి వస్తుంది. భాస్వరం కోసం 0:52:34, ఉత్త పొటాష్ కోసం 0:0:50 తీసుకోవచ్చు. సంచి మీది అంకెల గురించి ఒక మాట: చివరి అంకె పొటాషియం ఆక్సైడ్ లెక్కలో రాస్తారు, అసలు పొటాషియం అంతకంటే తక్కువ, మధ్య అంకె కూడా అటువంటిదే. అందుకే సంచి మీది అంకెలతో కాకుండా రసాయనం బరువుతో లెక్క కట్టాలి.

మీ తొట్టి కొలతలకు నిండుగా 105 లీటర్లు పట్టాలి గానీ, కంకర, రాళ్లు, పైన వదిలిన ఖాళీ పోగా 90 లీటర్ల నీరు ఉంటుందనుకోండి. 13:0:45 పొడి 40 గ్రాములు అర లీటరు సీసాలో కరిగించండి. ఆ ద్రావణం 18 మిల్లీలీటర్లు వేస్తే మీ తొట్టిలో నైట్రేట్ సుమారు 10 పీపీఎం (అంటే లీటరుకు 10 మిల్లీగ్రాములు), పొటాషియం 6 పీపీఎం పెరుగుతాయి. 0:52:34 అయితే మూడున్నర గ్రాములే అర లీటరులో కరిగించాలి. అదే 18 మిల్లీలీటర్లకు ఫాస్ఫేట్ ఒక పీపీఎం పెరుగుతుంది. గ్రాము తూకం కావాలంటే వంటింటి తూకం నమ్మకండి, నగల తూకం వంటి చిన్న డిజిటల్ కాటా వాడండి.

కొల్లేటిగట్టు

మీ బాబాయి గారు చెప్పింది చెరువుకు నూటికి నూరు పాళ్లూ నిజమే, కానీ చెరువులో ఎరువు వేసేది మొక్కల కోసం కాదు. యూరియా, సూపర్ వేసేది నీటికి రంగు కట్టించడానికి. ఆ ఎరువు తిని సూక్ష్మ నాచు పుడుతుంది, దానిని తిని జంతు ప్లవకాలు పెరుగుతాయి, వాటిని బొచ్చె తింటుంది. చేతిని మోచేతి వరకు నీటిలో ముంచి, అరచెయ్యి కనిపించకుండా పోతే ఇక ఎరువు అక్కరలేదని మా వైపు రైతులు అంచనా వేస్తారు. మీరు గాజు వెనుక చూడాలనుకునేది ఆ పచ్చటి నీటిని కాదు కదా.

మోతాదు సంగతి కూడా చూడండి. ఎకరం చెరువు ఐదడుగుల లోతు ఉంటే అందులో 60 లక్షల లీటర్ల నీరు ఉంటుంది. దానికి పది కిలోల యూరియా వేసినా లీటరుకు ఒక మిల్లీగ్రాము నత్రజని కూడా పెరగదు. మీరు మీ తొట్టిలో ఒక చెంచా, అంటే నాలుగు గ్రాముల యూరియా వేస్తే లీటరుకు 20 మిల్లీగ్రాములు పెరుగుతుంది. చెరువులో ఎండ, గాలి, అడుగున బురద, అందులోని బ్యాక్టీరియా అన్నీ కలిసి సర్దుబాటు చేస్తాయి. అయినా మబ్బు పట్టిన రోజుల్లో తెల్లవారుజామున ప్రాణవాయువు తగ్గి చేపలు పైకి తేలితే మేము ఏరేటర్ల దగ్గరికి పరుగెత్తవలసిందే. పేడ, వర్మీకంపోస్ట్ మాత్రం అక్వేరియం నీటిలో ఎట్టి పరిస్థితిలోనూ వేయకండి. అవి కుళ్లేటప్పుడు అదే ప్రాణవాయువును తినేస్తాయి.

గాజుతొట్టి

ఇద్దరికీ ధన్యవాదాలు. బాబాయికి ఎకరం లెక్క చూపించాను, ఒప్పుకున్నారు. ఇంకో సందేహం. ఎరువుల దుకాణంలో 13:0:45తో పాటు, వరికి వాడే సూక్ష్మపోషకాల మిశ్రమం కూడా ఇచ్చారు. పాలిపోయిన ఆకులకు అది పనికివస్తుందని చెప్పారు. రొయ్యలు ఉన్నాయి కాబట్టి వేయడానికి భయంగా ఉంది.

చిన్నరొయ్య

భయపడడమే సరైనది. మన వైపు వరికి జింకు లోపం ఎక్కువ, అందుకే ఆ మిశ్రమాలలో జింకుదే పెద్ద వాటా, ఇనుము తక్కువ. మీ మొక్కకు కావలసిందేమో ఇనుము. ఒక మిశ్రమంలో ఇనుము 2 శాతం, జింకు 5 శాతం, రాగి అర శాతం ఉన్నాయనుకోండి: ఇనుము 0.1 పీపీఎం అందేలా వేస్తే దానితో పాటు జింకు 0.25, రాగి 0.025 పీపీఎం నీటిలో చేరతాయి, వారం వారం వేస్తే పేరుకుంటాయి. చేప తట్టుకోగల రాగిని రొయ్య తట్టుకోలేదు. మొక్కలకు రాగి అసలు వద్దని కాదు, లేశమాత్రం కావాలి. కానీ ఇనుము కోసం వెతుకుతూ రాగిని, జింకును మోసుకురావడం ఎందుకు? ఉత్త ఇనుము చీలేట్ (ఇనుము అడుక్కు చేరకుండా నీటిలో పట్టి ఉంచే రూపం) విడిగా దొరుకుతుంది, అదే తీసుకోండి.

అక్కడా ఒక తిరకాసు ఉంది. ఎరువుల దుకాణంలో ఎక్కువగా దొరికేది 12 శాతం ఇనుము ఉన్న ఈడీటీఏ రకం. పీహెచ్ ఆరున్నర దాటితే దాని పట్టు సడలుతుంది, మీ బోరు నీటిలో త్వరగా విడిపోయి ఇనుము అడుక్కు చేరుతుంది. డీటీపీఏ రకం ఏడున్నర వరకు నిలుస్తుంది. ఈడీడీహెచ్ఏ రకం ఇంకా ఎక్కువ పీహెచ్‌లోనూ నిలుస్తుంది గానీ నీటికి ఎర్రటి రంగు ఇస్తుంది. మీకైతే డీటీపీఏ దొరికితే అది, లేకపోతే ఈడీటీఏనే చాలా కొద్దిగా, ఒకేసారి కాకుండా వారంలో రెండు మూడు విడతలుగా వేయడం నయం. ఈడీటీఏ రెండు గ్రాములు అర లీటరులో కరిగిస్తే, అందులో 18 మిల్లీలీటర్లకు మీ తొట్టిలో ఇనుము 0.1 పీపీఎం అవుతుంది. ఇనుమును, 0:52:34ను ఒకే సీసాలో కలపకండి, ఇనుప ఫాస్ఫేట్‌గా అడుగున పేరుకుపోతుంది. ఒకరోజు ఇది, మరుసటి రోజు అది వేయండి.

గులాబీలకు అమ్మే కొన్ని ఎరువులలో పురుగుమందు కూడా కలిపి ఉంటుంది. రొయ్యలున్న ఇంటిలో ఆ పొట్లం అక్వేరియం దరిదాపుల్లో కూడా పెట్టవద్దు.

నెమ్మదిమొక్క

అందరూ ఏమి వేయాలో చెప్పారు గానీ, ఎంత అవసరమో ఎవరూ అడగలేదు. గాజుతొట్టి గారూ, మీరు కార్బన్ డయాక్సైడ్ ఇస్తున్నట్లు రాయలేదు. గప్పీలకు రోజూ మేత వేస్తున్నారు. ఆ మేత నుంచి నత్రజని, భాస్వరం ఎలాగూ వస్తున్నాయి. మీరు చెప్పిన లక్షణాలు చూడండి: నత్రజని తక్కువైతే ముందుగా ముదురు ఆకు మొత్తంగా పసుపుబారాలి. మీకు అలా లేదు. కొత్త ఆకు ఈనెల మధ్య పాలిపోవడం ఇనుము లోపాన్ని, ముదురు ఆకుకు రంధ్రాలు పడడం పొటాషియం లోపాన్ని సూచిస్తున్నాయి. కాబట్టి 13:0:45 ద్రావణం నింపే ముందు ఒక నైట్రేట్ పరీక్ష చేయండి. తొట్టి నీరే కాదు, బోరు నీరు కూడా విడిగా పరీక్షించండి. తెలంగాణలోనూ రాయలసీమలోనూ చాలా బోర్లలో నైట్రేట్ ముందే ఉంటుంది. తొట్టిలో 20 పీపీఎం దాటి ఉంటే మీకు 0:0:50 చాలు. ఒక గ్రాము వేస్తే 90 లీటర్లలో పొటాషియం నాలుగున్నర పీపీఎం పెరుగుతుంది.

టామ్ బార్ ప్రచారంలోకి తెచ్చిన ఎస్టిమేటివ్ ఇండెక్స్ పద్ధతిలో ఎరువులు ధారాళంగా వేసి, మిగిలినది పేరుకోకుండా వారానికోసారి సగం నీరు మార్చేస్తారు. అయితే అది గట్టి దీపాలు, కార్బన్ డయాక్సైడ్ ఉన్న తొట్టిని దృష్టిలో పెట్టుకుని చెప్పిన పద్ధతి. మీ వంటి తొట్టికి అందులో మూడో వంతుతో మొదలుపెట్టి, రెండు మూడు వారాలు కొత్తగా వచ్చే ఆకులను గమనించండి. రంధ్రాలు పడిన పాత ఆకు మళ్లీ పూడదు, కాబట్టి దానిని చూసి మోతాదు పెంచకండి.

అమెజాన్ స్వోర్డ్, వాలిస్‌నేరియా వేళ్ల ద్వారా ఎక్కువగా తీసుకుంటాయి. వాటికి నర్సరీలలో దొరికే నెమ్మదిగా కరిగే ఎరువు గుళికలను ఖాళీ జెలటిన్ క్యాప్సూల్‌లో నాలుగైదు నింపి, కంకరలో రెండు అంగుళాల లోతుకు, మొక్క మొదలుకు దగ్గరగా పట్టకారుతో దించవచ్చు. ఆ గుళికలలోనూ అమోనియా ఉంటుంది, పైకి తేలితే అప్పుడే తీసివేయండి. కంకరను తవ్వి మొక్క మార్చిన రోజు నీరు కూడా మార్చండి.

ఈనెలపచ్చ

నెమ్మదిమొక్క గారి మాటతో ఏకీభవిస్తున్నాను, ముందు నైట్రేట్ పరీక్ష చేయడమే మంచిది. నిల్వ గురించి ఒక్క సంగతి: 13:0:45 తేమ తగిలితే గడ్డ కడుతుంది, నిప్పు తగిలితే మంటను పెంచుతుంది. గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో, పొయ్యికి దూరంగా, పైన పేరు రాసి పెట్టండి. తెల్లటి పొడి కాబట్టి ఉప్పు డబ్బాల వరుసలో మాత్రం ఉంచకండి.

గాజుతొట్టి

ఈ రోజు పరీక్షించాను. బోరు నీటిలో 15, తొట్టిలో 30 పీపీఎం నైట్రేట్ ఉంది. 13:0:45 పొట్లం విప్పకుండా తిరిగి ఇచ్చి 0:0:50, ఇనుము చీలేట్ తీసుకుంటున్నాను.