పొడి డాగ్ ఫుడ్ మీద ఇంటి టాపింగ్స్ వేయాలా, వద్దా?

బ్రూనో అమ్మ (విజయవాడ): మా లాబ్రడార్‌కి నాలుగేళ్లు, బరువు 28 కిలోలు. ఎండలు ముదిరినప్పటి నుంచి కిబుల్ (పొడి డాగ్ ఫుడ్ గింజలు) గిన్నె వాసన చూసి వెళ్లిపోతున్నాడు. మీద కాస్త పెరుగో, చికెన్ ఉడికించిన నీళ్లో పోస్తే గిన్నె నాకేస్తాడు. మావారేమో, ఇలా అలవాటు చేస్తే ఇక ఉత్త కిబుల్ ముట్టడని అంటున్నారు. మీరేమంటారు?

రాకీ నాన్న: మీవారు చెప్పిందే కరెక్టండీ. గిన్నె పెట్టి 20 నిమిషాలు చూడండి, తినకపోతే తీసేయండి. మళ్లీ పూటకే పెట్టండి. మధ్యలో బిస్కెట్ ముక్క కూడా వద్దు. మా వాడు ఇలాగే దారికొచ్చాడు. అలిగినప్పుడల్లా చికెన్ వస్తుందని తెలిస్తే ఏ కుక్కైనా అలుగుతుంది.

పప్పీ అక్క (వరంగల్): అన్నా, వేళకు పెట్టి తీసేయడం మంచి పద్ధతే. కానీ ఇక్కడ ముందు చూడాల్సింది అలకా కాదా అని. లాబ్రడార్ అన్నం వద్దంటే నాకు భయమే. కేంబ్రిడ్జ్ పరిశోధకులు 2016లో చెప్పారు కదా, లాబ్రడార్లలో దాదాపు నాలుగో వంతుకు ఆకలిని అదుపు చేసే పీఓఎంసీ అనే జన్యువులో లోపం ఉంటుందని. ఎంత తిన్నా ఇంకా కావాలనే జాతి అది. అలాంటిది గిన్నె వదిలేసిందంటే పళ్లు నొప్పా, చిగుళ్లు వాచాయా, చెవుల వెనకా వేళ్ల సందుల్లో గోమార్లున్నాయా అని చూడాలి. మన దగ్గర గోమార్ల వల్ల వచ్చే టిక్ ఫీవర్‌కి మొదటి లక్షణం చాలాసార్లు తిండి మానేయడమే. బ్రూనో అమ్మ గారూ, మెత్తగా నానితే తిని, గట్టిగా ఉంటే వదిలేస్తున్నాడా? అయితే నాకు పళ్ల మీదే అనుమానం.

రాకీ నాన్న: ఒంట్లో బాగోకపోతే డాక్టర్ దగ్గరికే, అందులో వాదన లేదు. ఆరోగ్యంగా ఉన్న కుక్క గురించే నేను చెప్పింది. కిబుల్ ప్యాకెట్ మీద 'సంపూర్ణ సమతులాహారం' అని ఉంటే దానికి ఇంకేమీ కలపక్కర్లేదు. ఉత్త చికెన్ ఎక్కువైతే కాల్షియం, భాస్వరం లెక్క తప్పుతుంది. పెరిగే కుక్కపిల్లలకైతే ఎముకలే దెబ్బతింటాయి.

పప్పీ అక్క: ఆ మాట నిజమే. అందుకే రోజు మొత్తం క్యాలరీల్లో పైన వేసేవన్నీ కలిపి 10 శాతం దాటకూడదంటారు. 28 కిలోల కుక్కకి రోజుకు సుమారు 1,200 క్యాలరీలు అనుకుంటే, పైన వేసేది 120. ఒక ఉడికించిన గుడ్డు, రెండు చెంచాల పెరుగు, అంతే. ఆ మేరకు కిబుల్ తగ్గించాలి. మనవాళ్లు తప్పేది ఇక్కడే: కిబుల్ కొలత అలాగే ఉంటుంది, మీద గుడ్డు పడుతుంది, లాబ్ లావెక్కుతుంది. అసలు ముందు గోరువెచ్చని నీళ్లు పోసి చూడండి. కిబుల్‌లో తేమ 10 శాతం లోపే ఉంటుంది. వెచ్చగా తడిస్తే వాసన పైకి లేస్తుంది, ఒక్క క్యాలరీ కూడా పెరగదు. ఈ ఎండల్లో నీళ్లు లోపలికి పోవడమూ మంచిదే. కాకపోతే తడిపింది గంటల తరబడి ఉంచొద్దు, పులుస్తుంది.

సింబా ఇల్లు: మేం ఇంట్లో వండిన చికెన్ కూర పులుసే కొంచెం పోస్తాం. ఇష్టంగా తింటుంది, ఏమీ కాలేదు.

పప్పీ అక్క: దయచేసి ఆపండి. ఉల్లి, వెల్లుల్లి వండినా విషమే. ఎర్ర రక్తకణాలు చితికిపోతాయి. అది ఆ పూటే తెలియదు; కొన్ని రోజుల తర్వాత చిగుళ్లు పాలిపోయి, మూత్రం ముదురు రంగులో వస్తుంది. కొద్దికొద్దిగా రోజూ పోసినా ప్రమాదమే. మన పోపు, మసాలా, అల్లం వెల్లుల్లి ముద్ద పడకముందే కుక్క వాటా తీసి పెట్టాలి. ఉప్పూ వద్దు. ఉడికించిన ఎముక అసలొద్దు, చీలి పేగుల్లో గుచ్చుకుంటుంది. ద్రాక్ష, కిస్‌మిస్ కిడ్నీలకు ముప్పు. ఉడికించిన గుమ్మడికాయ, క్యారెట్ నిశ్చింతగా వేయొచ్చు.

రాకీ నాన్న: పులుసు విషయంలో అక్క మాటే నాదీ. టాపింగ్ అక్కర్లేదన్న నా మాట మాత్రం మారదు. వేసేవాళ్లు కిబుల్‌తో బాగా కలిపి వేయండి, లేదంటే పైది ఏరుకుని మిగతాది వదిలేస్తుంది.

బ్రూనో అమ్మ: ఇప్పుడే నోరు తెరిపించి చూశాను. వెనక దంతం పక్కన చిగురు ఎర్రగా వాచి ఉంది, ముట్టుకుంటే మూతి లాగేసుకుంటున్నాడు. రేపు పొద్దున్నే డాక్టర్‌కి చూపిస్తాం. ఈ పూటకి గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి పెట్టాను, సగం తిన్నాడు.