కవలలు పాలు తాగకుండా నిద్రపోతున్నారు, లేపాలా వద్దా?

ప్రశ్న:

అందరికీ నమస్తే. నాకు కవలలు, ఒక బాబు, ఒక పాప. 36 వారాలకే సిజేరియన్ చేశారు, ఇవాళ్టికి మూడో రోజు. బాబు 2.3 కిలోలు, పాప 2.1. ఇద్దరూ ఎప్పుడు చూసినా నిద్రే. రొమ్ముకి పెట్టుకుంటే బాబు కాసేపు చప్పరించి కళ్లు మూసేస్తాడు, పాప అయితే నోరే తెరవదు. చూడ్డానికి వచ్చినవాళ్లంతా ఎంత బుద్ధిగా పడుకున్నారో, లేపకు, ఆకలేస్తే వాళ్లే ఏడుస్తారు అంటున్నారు. నాకు మాత్రం చాలా టెన్షన్‌గా ఉంది. అసలు లేపాలా? లేపితే ఎలా లేపాలి? పాలు కూడా ఇంకా సరిగా పడలేదు, ఇద్దరికీ చాలుతాయా?

జవాబు (కవలల తల్లి):

లేపాలండీ, తప్పకుండా లేపాలి. ఆకలేస్తే ఏడుస్తారన్న మాట నెలలు నిండి, మంచి బరువుతో పుట్టిన పిల్లల విషయంలో చాలావరకు నిజమే గానీ, 36 వారాలకి పుట్టినవాళ్లకి ఆకలేసినా లేచి అడిగేంత ఓపిక ఉండదు. తాగకపోతే నీరసం, ఆ నీరసంతో ఇంకా నిద్ర, ఆ నిద్రలో ఇంకో పూట పాలు పోవడం. అందుకని పుట్టినప్పటి బరువు మళ్లీ వచ్చేదాకా వాళ్ల ఏడుపు కోసం ఎదురుచూడకుండా గడియారం చూసి పాలివ్వండి. రోజు మొత్తం మీద ఒక్కొక్కరికి 8 నుంచి 12 సార్లు, ఒకసారి మొదలుపెట్టిన దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టేదాకా మూడు గంటలు దాటకూడదు, రాత్రి కూడా అంతే.

గాఢ నిద్రలో ఉన్నప్పుడు ఎంత కదిపినా లేవరు. రెప్పల కింద కళ్లు కదులుతుంటే, పెదాలు చప్పరిస్తుంటే, చెయ్యి నోటి దగ్గరికి తెచ్చుకుంటుంటే అదే అదను, మూడు గంటలు కాకపోయినా అప్పుడే ఎత్తుకోండి. బట్టలు తీసేసి డైపర్ ఒక్కటే ఉంచి, మీ గుండెల మీద చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టుకుని వీపు మీద దుప్పటి కప్పండి. ముక్కు, మొహం మీకు కనిపిస్తూనే ఉండాలి, మీకు నిద్ర ముంచుకొస్తుంటే పక్కన ఇంకొకరు మెలకువగా ఉండాల్సిందే. లైటు కాస్త తగ్గిస్తే మంచిది, కళ్లలో వెలుతురు పడుతుంటే వాళ్లు ఇంకా గట్టిగా మూసుకుంటారు. డైపర్ మార్చడం, అరికాళ్లు రుద్దడం, వీపు నిమరడం పనిచేస్తాయి. చన్నీళ్లు చల్లమని ఎవరైనా చెబితే వద్దనండి, ఇంత చిన్న పిల్లలకి ఒళ్లు చల్లబడకూడదు.

ఇక అసలు సంగతి. నోరు ఆడుతోంది కదా అని తాగుతున్నారని అనుకోవద్దు. గడ్డం కిందే చూస్తూ ఉండండి. పాలు నోట్లోకి వస్తున్నప్పుడు గడ్డం బాగా కిందికి దిగి, ఒక్క క్షణం ఆగి, ఆ తర్వాత గుటక పడుతుంది, దగ్గరగా వింటే ఊపిరి వదిలినట్టు చిన్న శబ్దం వస్తుంది. మొదటి రోజుల్లో నాలుగైదు సార్లు చప్పరిస్తే ఒక గుటక పడొచ్చు, అది ఫర్వాలేదు. గుటకలు ఆగిపోయి పెదాలు ఊరికే వణుకుతున్నట్టు ఆడుతుంటే రొమ్ముని చేత్తో మెల్లగా ఒత్తి పట్టుకోండి, ఇంకో నాలుగు చుక్కలు నోట్లో పడితే బిడ్డ మళ్లీ మొదలుపెడుతుంది. అదీ పనిచేయకపోతే తీసి, త్రేన్పు తెప్పించి, మళ్లీ పట్టించండి.

జవాబు (నవజాత శిశువుల వార్డు నర్సు):

పైన చెప్పినవన్నీ సరైనవే. పాలు చాలుతాయా అన్న ప్రశ్నకి నేను చెబుతాను. సిజేరియన్ అయినవాళ్లకి పాలు పడటం ఒక్కోసారి ఒకటి రెండు రోజులు ఆలస్యమవుతుంది. ఇప్పుడు వస్తున్నవి ముర్రుపాలు, కొంచెమే ఉంటాయి. మొదటి రోజు పిల్లలు ఒక్కో పూటకి 2 నుంచి 10 మిల్లీలీటర్లే తాగుతారు, మూడో రోజుకి 15 నుంచి 30 దాకా పెరుగుతుంది. మీ పిల్లలు చిన్నవాళ్లు కాబట్టి ఎంత ఇవ్వాలో డాక్టర్ బరువు చూసి చెబుతారు. రొమ్ము ఎంత ఖాళీ అయితే అంత తయారవుతుంది, కవలలైనా లెక్క ఇదే. ఇబ్బందల్లా ఏమిటంటే, నిద్రపోయే పిల్లలు ఖాళీ చేయరు. ఆ పని ఇప్పుడు మీ చేతులు చెయ్యాలి.

పిల్లలకి పట్టాక ప్రతిసారీ పిండండి, రోజుకి 8 సార్లకి తగ్గకుండా. ఈ రెండు మూడు రోజులు పంపు కన్నా చెయ్యే మేలు, ముర్రుపాలు చిక్కగా ఉండి పంపు గొట్టాలకే అంటుకుపోతాయి. బొటనవేలు పైన, చూపుడువేలు కింద, చనుమొనకి రెండు మూడు సెంటీమీటర్లు వెనక్కి పెట్టి, ముందు ఛాతీ వైపు నొక్కి, తర్వాత రెండు వేళ్లూ దగ్గరికి తెచ్చి వదలండి. చర్మం మీద వేళ్లు జార్చొద్దు, నొప్పి పుడుతుంది. వచ్చిన చుక్కల్ని శుభ్రమైన చెంచాలోకి పట్టి, పాపని నిటారుగా ఒళ్లో కూర్చోబెట్టుకుని కింది పెదవికి చెంచా ఆనించండి, తనే నాలుకతో తీసుకుంటుంది. నోట్లో పొయ్యకూడదు, అసలు లేవని బిడ్డకి చెంచాతో పట్టనే కూడదు. ఇవి కూడా చాలకపోతే డాక్టర్ డబ్బా పాలు రాస్తారు, ఇవ్వండి, బాధపడకండి. కడుపు నిండిన బిడ్డకే రొమ్ము పట్టే ఓపిక వస్తుంది. నీళ్లు, గ్లూకోజు నీళ్లు మాత్రం వద్దు.

తాగుతున్నారో లేదో చెప్పేది డైపరే. రెండో రోజు కనీసం 2 సార్లు, మూడో రోజు 3 సార్లు మూత్రం, అయిదో రోజు దాటాక 6 లేదా అంతకన్నా ఎక్కువ. మలం నల్లగా మొదలై పచ్చబడి, అయిదో రోజుకి పసుపు రంగులోకి రావాలి. అప్పటికీ నల్లగానే ఉన్నా, నాలుగో రోజు తర్వాత డైపర్‌లో ఇటుక రంగు మరక కనిపించినా పాలు చాలడం లేదన్నమాట.

ఇంటికి వెళ్లాక కింద చెప్పినవి చూస్తే మాత్రం ఉదయం దాకా ఆగొద్దు. ఎంత లేపినా వరసగా రెండు పూటలు తాగకపోవడం, ఒళ్లు మెత్తగా వాలిపోవడం, ఏడుపులో బలం లేకపోవడం, 8 గంటలుగా మూత్రం లేకపోవడం, పసుపు రంగు అరచేతులకీ అరికాళ్లకీ దిగడం, ఊపిరి ఆయాసంగా తీయడం, 38 డిగ్రీల సెల్సియస్ జ్వరం, గుండెలకి హత్తుకున్నా 36.5 కన్నా కిందే ఉండటం. నెలలు నిండని పిల్లల్లో కామెర్లు ఎక్కువ, కామెర్లు మళ్లీ నిద్రని పెంచుతాయి, అందుకే రోజూ కిటికీ వెలుతురులో ఒళ్లు చూడండి.

మళ్లీ ప్రశ్న:

చాలా థ్యాంక్స్ అండీ. ఇందాక పిండితే చెంచాలో సగం కూడా రాలేదు, పసుపుగా, జిగురుగా ఉన్నాయి. పాప కళ్లు మూసుకునే పెదాలు చప్పరిస్తుంటే చెంచా ఆనించాను, మొత్తం నాకేసింది! ఆ వెంటనే రొమ్ముకి పెడితే పట్టింది, గుటకలు కూడా విన్నాను. కానీ ఇద్దరికీ పట్టి, పిండి, మళ్లీ చెంచాతో పట్టేసరికి గంటన్నర పోతోంది, కాసేపటికే మళ్లీ టైమ్ అయిపోతోంది. ఇద్దరికీ ఒకేసారి పట్టొచ్చా?

జవాబు (కవలల తల్లి):

భలే, పాప దారిలో పడినట్టే. ఒకేసారి పట్టొచ్చు, చెరొక చంక కింద ఒక్కొక్కరిని పెట్టుకుని కాళ్లు మీ వెనక్కి ఉండేలా దిండ్ల మీద ఆనిస్తే కుట్ల మీద బరువు పడదు. అయితే బాబు, పాప విడివిడిగా బాగా పట్టడం నేర్చుకున్నాకే ఆ పని. ఇప్పుడు ఒక్కొక్కరిని చూసుకోవాలి, ఇద్దరూ ఒకేసారి ఒళ్లో ఉంటే ఎవరు గుటక వేస్తున్నారో ఎవరు నిద్రపోయారో తెలియదు. ఒకరు లేస్తే రెండోవాళ్లనీ లేపెయ్యండి, లేకపోతే మీకు నిద్రే ఉండదు.

టైమ్‌కి ఒక హద్దు పెట్టుకోండి. రొమ్ము దగ్గర ఒక్కొక్కరికి 20 నుంచి 30 నిమిషాలు చాలు, అంతకన్నా సాగదీస్తే తాగింది కాస్తా ఆ శ్రమకే ఖర్చవుతుంది. మీరు రెండోవాళ్లకి పడుతుండగా మొదటివాళ్లకి చెంచాతో పట్టడం, త్రేన్పు, డైపర్ అన్నీ ఇంకొకరు చూడాలి. లేపకు అని సలహా ఇస్తున్నవాళ్లకే ఈ పనులు అప్పజెప్పండి, మొహమాటపడొద్దు. బలంగా చప్పరించే బాబుని ప్రతిసారీ ఒకే రొమ్ముకి పెట్టకుండా మారుస్తూ ఉండండి, రెండు వైపులా పాలు పెరుగుతాయి.

ఇద్దరికీ వేరువేరు కాగితాలు పెట్టి ఎప్పుడు తాగారు, ఎన్ని డైపర్లు తడిశాయి రాయించండి, నిద్రమత్తులో ఎవరిదేదో కలిసిపోతుంది. బరువు కూడా అందులోనే. మొదటి రోజుల్లో కొంత తగ్గడం మామూలే, 7 శాతం దాటితే పాలు పట్టే తీరు ఒకసారి డాక్టర్‌కి చూపించాలి. పాపకి అది దాదాపు 1.95 కిలోలు. 1.9 దగ్గరికి వస్తే 10 శాతం పోయినట్టే, ఆ పూటే చెప్పండి. రేపు బరువు చూశాక ఇక్కడ రాయండి.