3 ఏళ్ల వాడు రాత్రి 11 అయినా పడుకోడు, ఏం చెయ్యాలి?

మా బాబుకి 3 నిండాయండి, 9కే లైట్లు ఆపేస్తాం కానీ ముందు నీళ్లంటాడు, తర్వాత ఒంటేలంటాడు, అదయ్యాక దుప్పట్లో బొమ్మ కారు కనపడట్లేదని ఏడుపు, ఈలోపు నాకే నిద్ర ముంచుకొచ్చేస్తుంది. పొద్దున 7కి లేపితే ఒకటే పేచీ. మీ ఇళ్లల్లో ఎలా?

జవాబు: మధ్యాహ్నం ఎంతసేపు పడుకుంటున్నాడు? మా పాప 4 దాకా లేచేది కాదు, 2:30కే లేపడం మొదలెట్టాక మెల్లగా దారికొచ్చింది. ఈ వయసుకి పగటి నిద్రతో కలిపి 10 నుంచి 13 గంటలు అంటారు డాక్టర్లు, మీవాడు పగలే బాగా లాగించేస్తున్నాడేమో.

జవాబు: ఫోన్ చూస్తున్నాడా? పడుకోవడానికి గంట ముందే ఆపెయ్యండి. మాకు రోజూ ఒకటే వరస, స్నానం, కథ, లైటు. కథ ఒక్కటేనని ముందే ఒప్పందం, లేకపోతే ఇంకోటి ఇంకోటి అంటూ తెల్లారిపోద్ది.

అడిగినవారు: ఫోన్ లేదండీ. పగలు 2 నుంచి 4:30 దాకా నిద్రే, లేపబోతే మా అమ్మ "పసివాడే, పడుకోనీ" అంటుంది. రేపు ముందు ఆవిడతో మాట్లాడాలి, వాడికన్నా ఆవిణ్ణి ఒప్పించడమే కష్టం 😄