పైథాన్ అరేని ఆర్‌లో టేబుల్ చేస్తే గుంటల రీడింగులన్నీ కలిసిపోతా ఉండాయి

ఇందుకూరుపేట:
అన్నా, మాకు 4 రొయ్యల గుంటలుండాయి, రోజూ తెల్లారుజామున మా నాయన డీఓ మీటర్‌తో (నీళ్ళలో కరిగిన ఆక్సిజన్ కొలిచేది) రీడింగ్ తీస్తాడు, 30 రోజులకి 120 నంబర్లు. పైథాన్‌లో నంపై (నంబర్ల లెక్కల లైబ్రరీ) అరేగా, అంటే నంబర్ల పట్టీగా పెట్టుకున్నా, రోజుకో వరస, గుంటకో కాలమ్, అక్కడ బాగానే ఉంది. దాన్ని టోబైట్స్‌తో ఉత్త బైట్లుగా ఫైల్లో రాసి, ఆర్ భాషలో రీడ్‌బిన్‌తో చదివి, మ్యాట్రిక్స్‌కి ఎన్‌కాల్ (కాలమ్‌ల సంఖ్య) 4 ఇచ్చి డేటాఫ్రేమ్, అంటే టేబుల్ చేశా. ఎర్రర్ ఏం రాలా, కానీ ఎప్పుడూ తక్కువుండే నాలుగో గుంట సగటు మిగతావాటితో సమానంగా చూపిస్తా ఉంది, కాలమ్ పేర్లు కూడా వీ1, వీ2 అని వస్తా ఉండాయి. ఆ గుంటకి ఇంకో ఏరేటర్ (నీళ్ళకి గాలి పట్టించే మిషన్) వెయ్యాలా వద్దా అని ఈ లెక్క చూసే తేల్చుకోవాల, ఎక్కడ తప్పు చేశానో చెప్పండి.

ఒంగోలు:
నంబర్లు ఎక్కడికీ పోలేదు తమ్ముడూ, చోటు మారినాయంతే. నంపై మామూలుగా వరస తర్వాత వరస రాస్తది, ఆర్ మాత్రం ఫోర్ట్రాన్ అనే పాత భాష పద్ధతిలో ఒక కాలమ్ నిండాకే ఇంకో కాలమ్‌కి పోతది. అంటే నీ మొదటి కాలమ్‌లో మొదటి 7 రోజుల నాలుగు గుంటల రీడింగులూ, 8వ రోజువి రెండూ వచ్చి కూర్చున్నాయి, 120 సరిగ్గా సరిపోయింది కాబట్టి ఎర్రర్ కూడా రాదు. మ్యాట్రిక్స్‌లో బైరో = ట్రూ పెట్టు, వరసలవారీగా నింపమని చెప్పినట్టు. పెట్టినాక మొదటి రోజు నంబర్లు రెండు పక్కలా పోల్చి చూసుకో, పైథాన్‌లో అది 0వ వరస, ఆర్‌లో 1వ వరస, మర్చిపోబాక.

కావలి:
అన్న చెప్పింది కరెక్టే, కానీ ఇకమీదట ఉత్త అరే పంపబాక. పైథాన్‌లోనే పాండాస్ (టేబుళ్ళ లైబ్రరీ) డేటాఫ్రేమ్ చేసి తేదీ, గుంట1, గుంట2 అని పేర్లు పెట్టి ఫెదర్ ఫైల్‌గా రాయి, ఆర్‌లో యారో ప్యాకేజీతో చదువు. 2016లో పాండాస్ చేసిన వెస్ మెకిన్నీ, ఆర్ ప్యాకేజీలు రాసే హ్యాడ్లీ విక్హమ్ కలిసి ఫెదర్ తెచ్చిందే పైథాన్‌కీ ఆర్‌కీ మధ్య టేబుళ్ళు పంపుకోడానికి. పేర్లూ, టైపులూ చెక్కుచెదరకుండా వస్తాయి. ఇంకోటి, గుంట పేరు కూడా అదే నంపై అరేలో పెట్టావంటే రీడింగులన్నీ స్ట్రింగులైపోతాయి, నాకు ఒక పూటంతా పోయింది దాంతో.

ఇందుకూరుపేట:
బైరో పెట్టగానే నాలుగో గుంట కిందికి దిగింది, ఇప్పుడు మా నాయన చెప్పేదానికి సరిపోయింది అన్నా. ఇంకొక్కటి, మీటర్ పాడై 2 రోజులు రీడింగ్ లేని నెల ఒకటుంది, అక్కడ నాన్ (నంబర్ లేదని గుర్తు) పెట్టుంటే ఆర్‌లో సగటు కూడా నాన్ అంటా ఉంది, సున్నాలు పెట్టేదా?

ఒంగోలు:
వద్దొద్దు, సున్నా పెడితే ఆ రోజు గుంటలో ఆక్సిజనే లేదని అర్థం, సగటు ఊరికే పడిపోద్ది. మీన్‌లో ఎన్ఏ.ఆర్ఎం = ట్రూ ఇవ్వు, ఆ 2 రోజులూ వదిలేసి 28 రోజులకే లెక్కేస్తది.