మిర్చి ధరల పట్టికలో 7 రోజుల కదిలే సగటు తప్పుగా వస్తోంది, పాండాస్‌లో ఎక్కడ పొరపాటు చేశాను?

పల్నాడు అమ్మాయి:

నమస్కారం అండీ. మాది సత్తెనపల్లి దగ్గర ఊరు. ఈసారి నాన్న 62 టిక్కీల (బస్తాల) తేజ రకం మిర్చి కోల్డ్ స్టోరేజీలో పెట్టారు. రోజూ సాయంత్రం ఎవరో ఒకరు ఫోన్ చేసి ‘ఇవాళ రెండొందలు పెరిగింది’ అంటారు. మర్నాడు ఇంకొకరు ‘మూడొందలు పడిపోయింది’ అంటారు. ఆ మాటలతో నాన్నకు సరిగా నిద్ర పట్టట్లేదు. రోజువారీ హెచ్చుతగ్గులు పక్కన పెట్టి, ధర అసలు ఎటు నడుస్తోందో ఒక్క గీతలో చూపిద్దామని గుంటూరు యార్డు రేట్లు డిసెంబరు నుంచి సీఎస్‌వీ ఫైల్లో ఎక్కిస్తున్నాను. కాలమ్‌లు నాలుగు: తేదీ, రకం, టిక్కీలు, ధర (క్వింటాలుకు). యార్డు ఉన్న ప్రతి రోజుకీ మూడు వరుసలు: తేజ, 334 రకం, తాలు (రంగు పోయిన నాసి కాయ), ఇదే క్రమంలో.

పైథాన్‌లో పట్టికల లెక్కలు చేసే పాండాస్‌తో ధర కాలమ్ మీద రోలింగ్ 7 పెట్టి మీన్ (సగటు) తీశాను. మొదటి ఆరు వరుసలు ఖాళీగా వచ్చాయి, అది ఎందుకో తెలుసు. కానీ గ్రాఫ్ గీస్తే గీత సాఫీగా రావాల్సింది పోయి రంపం పళ్లలా వచ్చింది. తేజ పక్కన కనిపించిన సగటయితే ఆ వారంలో తేజ ఏ రోజూ పలకనంత తక్కువ.

తర్వాత నెట్‌లో చూసి, ఏ రకానికి ఆ రకం విడిగా లెక్కేయడానికి గ్రూప్‌బై రకం అని చేర్చాను. కొత్త కాలమ్‌లో పెట్టబోతే ఇండెక్స్ (వరుసల లేబుళ్లు) కలవట్లేదని ఎర్రర్ ఇచ్చింది. చివర డాట్ వాల్యూస్ పెడితే ఎర్రర్ పోయింది. కానీ ఫైలు చివర్లో తాలు పక్కన కూడా తేజ ధరలే కనిపిస్తున్నాయి! రెండు రాత్రులుగా దీంతోనే కూర్చున్నాను. ఆదివారం చూపిస్తానని నాన్నకు మాటిచ్చాను. నా తప్పు లెక్క చూసి ఆయన సరుకు తీసేస్తారేమోనని టెన్షన్‌గా ఉంది. ఎవరైనా సాయం చేయండి.

అడ్డం నిలువు:

చెల్లెమ్మా, ఫోన్‌లో టైప్ చేస్తున్నాను కాబట్టి కోడ్‌ని మాటల్లోనే చెప్తాను.

మొదటి తప్పు. రోలింగ్ 7 అంటే పాండాస్‌కి ‘ఏడు వరుసలు’ అని మాత్రమే అర్థం. అవి ఏ రకానివో, ఏ రోజువో అది చూడదు. మీకు రోజుకు మూడు వరుసలు కాబట్టి ఏడు వరుసలంటే రెండు రోజులూ, ఇంకో వరుసా. ఒకసారి కాగితం మీద వేసి చూడండి. తేజ 14,000, 334 రకం 13,000, తాలు 7,000 అనుకోండి. వారమంతా పైసా కూడా కదల్లేదనుకోండి. అయినా తేజ వరుస దగ్గర సగటు 11,714 వస్తుంది, 334 దగ్గర 11,571, తాలు దగ్గర 10,714. ఆ ఏడింటిలో ఏ రకం మూడుసార్లు పడిందో దాన్ని బట్టి అంకె ఊగుతుంది. మీరు చూసిన రంపం పళ్లు ఇవే, మార్కెట్‌కు వాటితో ఏ సంబంధమూ లేదు.

రెండోది ఇంకా ప్రమాదం, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను. గ్రూప్‌బై తర్వాత వచ్చే ఫలితం మీ ఫైలు క్రమంలో ఉండదు. ముందు 334 మొత్తం, తర్వాత తాలు మొత్తం, ఆఖర్న తేజ మొత్తం వస్తుంది. ప్రతి అంకెకూ అది ఏ వరుసదో చెప్పే లేబుల్ ఉంటుంది. డాట్ వాల్యూస్ ఆ లేబుళ్లన్నీ పీకేసి అంకెల్ని పైనుంచి కిందికి పోసేస్తుంది. అందుకే ఫైలు చివరి మూడో వంతులో ఎక్కడ చూసినా తేజ సగటులే. తాలు పక్కన పద్నాలుగు వేలు కనిపించబట్టి మీకు అనుమానం వచ్చింది. అదే తేజ వరుసలు మాత్రమే చూసి ఉంటే అంకెలు నమ్మేలాగే ఉండేవి, కానీ అవి వేరే తేదీలవి. అడ్డొచ్చిన ఎర్రర్ మిమ్మల్ని కాపాడటానికే వచ్చింది, దాన్ని అలా నోరు మూయించకండి. డాట్ వాల్యూస్ తీసేసి, రీసెట్ ఇండెక్స్‌లో లెవెల్ 0, డ్రాప్ ట్రూ అని ఇవ్వండి. పైన చేరిన రకం లేబుల్ పోయి పాత వరుస నంబరు మిగులుతుంది, దాన్ని పట్టుకుని పాండాస్ ప్రతి అంకెనీ దాని చోట పెడుతుంది.

ఇదంతా చేసే ముందు తేదీ కాలమ్ చూడండి. అది టెక్స్ట్‌గా ఉండి మీరు సార్ట్ చేసి ఉంటే 05-01 తర్వాత 05-02 వస్తుంది, అంటే జనవరి అయిదు పక్కన ఫిబ్రవరి అయిదు. టెక్స్ట్‌ను తేదీగా మార్చే టు డేట్‌టైమ్ వాడి, ఫార్మాట్‌లో రోజు, నెల, సంవత్సరం ఏ క్రమంలో ఉన్నాయో మీరే రాయండి, దాని ఊహకు వదలొద్దు. తర్వాత రకం, తేదీ ప్రకారం సార్ట్ చేయండి. ధరలో కామాలుంటే ఫైలు చదివేటప్పుడే థౌజండ్స్ దగ్గర కామా అని చెప్పండి.

పల్నాడు అమ్మాయి:

అన్నా, లెవెల్ 0 తీసేశాక అంకెలు కుదిరాయి! నాలుగు తేదీలకు తేజ ధరలు చేత్తో కూడి ఏడుతో భాగించి చూశాను, సరిగ్గా అవే వచ్చాయి. చాలా థ్యాంక్స్.

ఇంకో రెండు సందేహాలు. శని, ఆదివారాలు యార్డు ఉండదు కదా, మరి ఈ ‘ఏడు’ నిజంగా వారమేనా? ఇంకోటి, సెంటర్ ట్రూ అని పెడితే గీత ధరలతో బాగా కలిసిపోయి కనిపిస్తోంది. అది వాడొచ్చా?

అడ్డం నిలువు:

వారం కాదు. అయిదు రోజుల యార్డుకు ఏడు వరుసలంటే క్యాలెండర్‌లో తొమ్మిది రోజులు, సోమవారమైతే పదకొండు. మామూలప్పుడు దాంతో పెద్ద నష్టం లేదు. కానీ వేసవిలో యార్డుకు దాదాపు నెల రోజులు సెలవులిస్తారు కదా, తెరిచిన మొదటి రోజు సగటులో ఒక్క ధర కొత్తది, ఆరు సెలవులకు ముందువి. దాన్ని వారం సగటు అని నాన్నగారికి ఎలా చెప్తాం? కాబట్టి రోలింగ్‌లో 7 అంకె బదులు కోట్స్‌లో ‘7డి’ అని ఇచ్చి, ఆన్ దగ్గర తేదీ పెట్టండి. అప్పుడు వరుసలు కాదు, రోజులు లెక్కపెడుతుంది. ఇలా చేస్తే ఒక్క ధర ఉన్నా సగటు ఇచ్చేస్తుంది, అందుకని మిన్ పీరియడ్స్ 3 అని పెట్టండి. ఈ పద్ధతిలో ఫలితం రకం, తేదీ లేబుళ్లతో వస్తుంది. దాన్ని విడి పట్టికగా చేసి, ఆ రెండు కాలమ్‌ల మీద అసలు పట్టికతో మెర్జ్ చేయడం (జత కలపడం) మేలు. ఒకే రోజు ఒకే రకం రెండుసార్లు ఎక్కించలేదు కదా అని ముందు డూప్లికేటెడ్‌తో చూసుకోండి.

సెంటర్ ట్రూ మాత్రం వద్దమ్మా. ఈ రోజు సగటు కోసం అది రేపటి, ఎల్లుండి ధరలు కూడా చూస్తుంది. పాత తేదీలకు గీత అందంగా రావడానికి కారణం అదే. సరుకు అమ్మాలా వద్దా అని తేల్చుకునే రోజున మీ దగ్గర రేపటి ధర ఉండదు.

యార్డు లెక్కలు:

నేను మిర్చి యార్డులో కమీషన్ కొట్లో పద్దులు రాస్తానమ్మా. కోడ్ సంగతి నాకు తెలియదు, ఒక్క మాట చెప్తాను. మీ పట్టికలో టిక్కీల కాలమ్ ఉంది, దాన్ని వాడండి. ఒక రోజు లక్ష టిక్కీలు 13,000కు పోయాయి, ఇంకో రోజు 20 వేల టిక్కీలు 15,000కు పోయాయి అనుకో. ఉత్త సగటు 14,000. కానీ టిక్కీల లెక్కన చూస్తే రైతులకు నిజంగా పడిన సగటు ధర 13,333. సరుకు తక్కువ వచ్చిన రోజు రేటు ఎగురుతుంది, దాన్ని చూసి ఆశపడి కూర్చున్న వాళ్లను ఎంతమందినో చూశాను. ఇంకోటి, కోల్డ్ స్టోరేజీ సరుకు రేటు, కొత్త సరుకు రేటు ఒకటి కావు. మీరు రాసేది ఏదో నాన్నగారిని అడిగి రాయండి.

అడ్డం నిలువు:

అయ్యా, ఇది నేను చెప్పాల్సింది, మర్చిపోయాను. చెల్లెమ్మా, ధరను టిక్కీలతో గుణించి ఒక కొత్త కాలమ్ చేయండి. దానికి 7 రోజుల రోలింగ్ సమ్ (మొత్తం), టిక్కీలకు 7 రోజుల రోలింగ్ సమ్ తీసి, మొదటిదాన్ని రెండోదాంతో భాగించండి. అమ్మకాలే లేని రోజుకు ధర సున్నా అని రాసి ఉంటే ముందే దాన్ని ఖాళీగా మార్చండి. లేకపోతే మామూలు సగటు సున్నాను కూడా ధరగానే కలుపుతుంది.

పల్నాడు అమ్మాయి:

రెండు గీతలూ వేశాను, ఉత్త సగటు నీలం, టిక్కీల సగటు ఎరుపు. ఫిబ్రవరి నుంచి ఎరుపు నీలానికి కిందే ఉంది. గుమాస్తా గారు అడిగింది నాన్నను అడిగాను. నేను ఇన్నాళ్లూ ఎక్కించింది కొత్త సరుకు రేటు. ఇవాళ్టి నుంచి కోల్డ్ స్టోరేజీ తేజకు విడిగా ఇంకో వరుస మొదలుపెట్టాను. దానికి మూడు ధరలు పడేదాకా సగటు ఖాళీగానే వస్తుంది, కాబట్టి ఈ ఆదివారం చూపించలేనని నాన్నకు చెప్పేశాను. ‘వచ్చే ఆదివారం చూద్దాంలే’ అన్నారు.