డబ్ల్యూ, ఆర్ ఎవరి పేరు? పాత మంగలి కత్తి వయసు గురించి

ప్రశ్న:
తాతగారి ట్రంకు పెట్టెలో ఒక మంగలి కత్తి దొరికింది. రెండొందల ఏళ్ల నాటిదని నాన్న అంటారు. ఆయన లెక్కలో ఇంట్లో గోడ గడియారానికీ రెండొందల ఏళ్లే, అందుకే నాకు నమ్మకం కుదరడం లేదు. అలుగు మందంగా, బరువుగా ఉంది. పిడికి బిగించిన చోట 'షెఫీల్డ్' అని, దాని పైన డబ్ల్యూ, ఆర్ అని రెండు అక్షరాలు ఉన్నాయి. ఎవరివో పొడి అక్షరాలు అనుకుంటున్నాను. పిడి ఏనుగు దంతంలా తెల్లగా ఉంది. తుప్పు పోగొడదామని గరుకు కాగితం కూడా తెచ్చాను. దీని వయసు ఎలా తెలుస్తుంది?

జవాబు 1:
ముందు ఆ గరుకు కాగితం అవతల పెట్టండి. తుప్పుతో పాటు ముద్ర కూడా పోతుంది, ఇక వయసు చెప్పడానికి ఏమీ మిగలదు. కాస్త నూనె రాసి గుడ్డతో తుడవండి చాలు.
షెఫీల్డ్ అంటే కత్తులకు పేరుపడ్డ ఇంగ్లాండు ఊరు. 'షెఫీల్డ్' పక్కన 'ఇంగ్లాండ్' అని లేదు కదా? అయితే 1891 కంటే పాతదే.

జవాబు 2:
పై మాట సగమే నిజం అన్నా. సరుకు మీద తయారైన దేశం పేరు వేయాలన్న చట్టం అమెరికాది, 1890లో చేసి 1891లో అమలు చేశారు, అక్కడికి వెళ్లే సరుకుకే వర్తించింది. 'ఇంగ్లాండ్' అని ఉంటే ఆ తర్వాతిదని చాలావరకు అనుకోవచ్చు. లేకపోతే మాత్రం ఏమీ తేలదు.
ప్రశ్న అడిగినవారికి: ఆ రెండు అక్షరాల మధ్య కిరీటం బొమ్మ లాంటిదేమైనా ఉందా? భూతద్దంతో చూసి చెప్పండి.

ప్రశ్న అడిగినవారు:
ఉందండీ! తుప్పు మరక అనుకున్నాను. తుడిస్తే కిరీటం బయటపడింది.

జవాబు 2:
అయితే అవి పొడి అక్షరాలే, కానీ రాజుగారివి. విలియం రెక్స్, లాటిన్‌లో రెక్స్ అంటే రాజు. నాలుగో విలియం ఏలింది 1830 నుంచి 1837 వరకు. అంతకు ముందు జార్జిలకు జి ఆర్, తర్వాత విక్టోరియాకు వి ఆర్. రాజు పోయిన మర్నాడే అచ్చులు పారేసి ఉండరు కాబట్టి తర్వాత ఇంకో ఒకటి రెండేళ్లు కలుపుకోండి.
ముద్ర ఒక్కదాన్నే నమ్మను. అలుగు ఆకారం కూడా దానితో కలవాలి. అంచును గోటితో మెల్లగా మీటండి, వేలు కోసుకోకండి. రెండు పక్కలా లోతుగా అరగదీసిన పల్చని అలుగు ఖంగుమంటుంది, ఆ పనితనం 19వ శతాబ్దం చివర్లో బాగా వ్యాపించింది. మీది మందమైనది అంటున్నారు, మోగకూడదు.
నాకు అనుమానం పిడి మీదే. దంతంలో గీతలు ఎక్కడా ఒకేలా ఉండవు. మీ పిడి మీద రూళ్ల కాగితంలా సమాన దూరంలో గీతలుంటే సెల్యులాయిడ్, అంటే దంతంలా కనిపించేలా చేసిన పాతకాలపు ప్లాస్టిక్. బొటనవేలితో గట్టిగా రుద్ది వాసన చూడండి. కాల్చిన సూదితో మాత్రం పొడవద్దు, భగ్గుమంటుంది.

ప్రశ్న అడిగినవారు:
మోగలేదు. గీతలు స్కేలు పెట్టి గీసినట్టే ఉన్నాయి. రుద్దితే కర్పూరం వాసన! ఇంకో వింత, మడిచినప్పుడు పిడిలో దాగే భాగానికే తుప్పు ఎక్కువ.

జవాబు 2:
వింతేం లేదు. సెల్యులాయిడ్‌లో కర్పూరం కలుపుతారు. ఆ సెల్యులాయిడ్ పాతబడి కుళ్లితే వచ్చే ఆవిరి ఇనుమును తినేస్తుంది. సెల్యులాయిడ్ వచ్చిందే 1870 ప్రాంతంలో. అంటే పాత పిడి విరిగాక ఎవరో కొత్తది వేయించారు. కత్తిని మడిచి పెట్టెలో మూసేయకండి, తెరిచి గాలి తగిలేలా ఉంచండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అండీ. అలుగు సంగతి నాన్నకి చెప్తే "నేను చెప్పలేదా" అన్నారు. పిడి సంగతి ఇంకా చెప్పలేదు.